టిప్‌ని పక్కనుంచి చూడు

చిన్నీ,

పూల్, స్నూకర్ ఆడే క్యూ కర్రల కొనకు అతికించే తోలు టిప్‌లు మార్చే పని పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, కాస్త గుబులుగానూ ఉంది. నీ చేతిపని మీద నాకు అనుమానమేమీ లేదు. అతికించడం, అంచు చెక్కడం, గుండ్రంగా రుద్దడం నీకు బాగానే వచ్చు. కానీ ఎవరైనా వచ్చి "ఇప్పుడున్న రకమే మళ్ళీ వెయ్యి" అన్నప్పుడు, ఆ ఉన్నది ఏ రకమో తేల్చేచోట నీకు తొందర ఎక్కువ. ఆ తొందర ఇంకొకళ్ళ క్యూ మీద పడుతుంది. నా గుబులంతా అదే.

సైజు సంగతి నీకు తెలిసిందే. పూల్ క్యూకి సాధారణంగా 13 మి.మీ. దగ్గర, స్నూకర్ క్యూకి 9, 10 మి.మీ. ఉంటుంది. ఫెర్రుల్, అంటే టిప్ కింద క్యూ కొనకి తొడిగిన గొట్టం, దానికన్నా కొంచెం పెద్ద టిప్ తీసుకుని అంచు చెక్కుకోవాలి.

ఇక ఆ నీలం టిప్ గొడవ. నీ స్నేహితురాలు క్యూ ఇస్తే, టిప్ పైముఖం నీలంగా ఉందని అది ఎల్క్ మాస్టర్ అనే మెత్తటి నీలం టిప్ అనేసుకుని అదే వేసి ఇచ్చావు. కొన్నాళ్ళకే అంచులు ఫెర్రుల్ దాటి పొంగిపోయాయి, దెబ్బ మెత్తబడిందని ఆ పిల్ల గోల పెట్టింది. నువ్వేమో జిగురుని అనుమానించావు. తప్పు జిగురుది కాదమ్మా. తోలు చాక్‌ని, అంటే జారకుండా టిప్ మీద రాసే సుద్దపొడిని, పీల్చుకుంటుంది. రోజూ నీలం చాక్ రాసుకునేవాళ్ళ క్యూ మీద ఏ టిప్ అయినా పైకి నీలంగానే కనిపిస్తుంది. అక్కడ ముందున్నది గట్టి పొరల టిప్, అంటే పల్చటి తోలు పొరలు ఒకదానిమీదొకటి అతికించి చేసినది. ఎవరో దాని పక్కకి నల్ల మార్కర్ పూసి, తడిచేసి, తోలుముక్కతో గట్టిగా రుద్ది మెరుగు పెట్టారు. పొరల గీతలు ఆ మెరుగు కింద కప్పబడిపోయాయి. గట్టి టిప్‌కి అలవాటుపడిన చేతికి నువ్వు చాలా మెత్తటిది ఇచ్చావు. పొంగడం మెత్తటి తోలుకి సహజమే, దాన్ని ముందే బాగా నొక్కి ఉంచకపోతే ఇంకా తొందరగా పొంగుతుంది.

పైముఖం సంగతి అలా ఉంచు. లోపలి రంగు కూడా పూర్తి సాక్ష్యం కాదు. ట్వీటెన్ కంపెనీవే ఎల్క్ మాస్టర్, బ్లూ డైమండ్ రెండూ నీలంగానే ఉంటాయి. ఎల్క్ మాస్టర్‌నే పాలలో నానబెట్టి, ఆరనిచ్చి, బిగింపులో నొక్కి గట్టిపరిచేవాళ్ళూ ఉన్నారు. దాన్ని మిల్క్ డడ్ అంటారు. రంగు అదే, గట్టిదనం మాత్రం పూర్తిగా వేరు. క్రోమ్‌తో పదునుపెట్టిన తోలు లోపల సహజంగానే నీలిబూడిద రంగుకి తిరుగుతుంది, ఆపైన రంగులు అద్దేవాళ్ళు అద్దుతారు. అందుకే రంగు చూసి బ్రాండు పేరు చెప్పకు.

ముందు పక్కభాగం శుభ్రం చెయ్యి. ఫెర్రుల్‌కి టేపు చుట్టి, కొద్దిగా తడిపిన గుడ్డతో మార్కర్ మెరుగు తుడువు. పోకపోతే 600 నంబరు గరుకు కాగితంతో రెండు మూడు సార్లు తేలిగ్గా రుద్దు, అంతకు మించి వద్దు. తర్వాత పదిరెట్ల భూతద్దం పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పుతూ చూడు. మూసిన పుస్తకం అంచులా సన్నటి గీతలు చుట్టూ సమానంగా తిరిగితే అది పొరల టిప్. మూరి, కముయి, టాలిస్మన్ ఇవన్నీ ఆ జాతివే. కముయి వంటి వాటిలో పంది తోలు పొరలు వాడతారు. గీతలేమీ లేకుండా పీచు గజిబిజిగా కనిపిస్తే ఒకే ముక్క తోలు. ట్వీటెన్ వాళ్ళ ట్రయాంగిల్, లె ప్రో ఇందులోకి వస్తాయి.

పక్కనుంచి తేలకపోతే పైముఖం గుండ్రదనం చూడు. పొరల టిప్‌ని గుండ్రంగా రుద్దినప్పుడు ఒక్కో పొర ఒక్కోచోట తెగి, మధ్యనుంచి బయటికి వలయాలుగా కనిపిస్తుంది. ఒకే ముక్క తోలులో ఆ వలయాలు రావు. చాక్ పొరని తీసి చూడాలి సుమా, లేకపోతే అదీ కనపడదు.

గట్టిదనం ఎప్పుడూ పైముఖం మీద కొలవకు. ఆడగా ఆడగా ఎంత మెత్తటి తోలైనా పైన నొక్కుకుపోయి గట్టిపడుతుంది. అర మిల్లీమీటరు పైపొర తీసి, అప్పుడు గోరుతో నొక్కు. గుంట పడి మెల్లగా తేరుకుంటే మెత్తటిది, గుంటే పడకపోతే గట్టిది. గట్టిదనం కొలిచే డ్యూరోమీటర్ ఉంటే ఒకే చోట కాకుండా నాలుగు చోట్ల కొలువు. పెట్టె మీద రాసిన "మీడియం" అన్న మాటని నమ్ముకోకు. అందరికీ ఒకే కొలత లేదు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ సాఫ్ట్ కావచ్చు. ఒకే ముక్క తోలు టిప్‌లలోనైతే ఒక్క పెట్టెలోవే ఒకదానికొకటి పొంతన ఉండదు. వాటిని గట్టి బల్ల మీద ఒక్కొక్కటే వేసి చప్పుడు విని విడదియ్యి. టక్కుమనేవి దట్టమైనవి, దబ్బుమనేవి మెత్తనివి.

బ్రేక్ క్యూ, అంటే ఆట మొదట్లో బంతుల్ని చెదరగొట్టడానికి వాడేది, వస్తే ఇంకో జాగ్రత్త. దాని మీద ఉన్నది తోలు కాకుండా ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటిది కావచ్చు. గరుకు కాగితం మీద కాస్త రుద్దు. తోలైతే పీచుపీచుగా పొడి రాలుతుంది, వెంట్రుక కాలిన వాసన లాంటిది వస్తుంది. ఫినాలిక్ సన్నటి పిండిలా రాలి, మందు వాసన కొడుతుంది.

మెత్తటి టిప్ వేస్తే స్పిన్ ఎక్కువ వస్తుందని అడిగేవాళ్ళు తగులుతారు. టిప్, బంతి తాకి ఉండేది సెకనుని వెయ్యి వంతులు చేస్తే అందులో ఒకటో రెండో వంతులు మాత్రమే. స్పిన్‌ని తేల్చేది బంతి మధ్యనుంచి ఎంత పక్కకు కొట్టారన్నది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి సైనికాధికారి మింగో క్యూ కొనకి తోలు అతికించాడని చెబుతారు. అప్పటినుంచీ తోలు చేసే మేలు చాక్‌ని పట్టుకుని, పక్కకు కొట్టినా జారకుండా చూడడం. మెత్తటిదో గట్టిదో వాళ్ళ చేతికి ఏది నచ్చితే అదే వేసి ఇవ్వు.

కోప్పడకుండా విను. పొరల టిప్ అంచు చెక్కేటప్పుడు టిప్ ముఖం చెక్క మీద ఆన్చి, బ్లేడ్ ఫెర్రుల్ వైపునుంచి కిందికే నడపాలి. మొద్దుబారిన బ్లేడ్‌తో బలవంతం చేస్తే పొరలూ విడిపోతాయి, నీ వేలూ తెగుతుంది. కొత్త బ్లేడ్ వెయ్యడానికి పిసినారితనం చెయ్యకు. ఆ సూపర్ గ్లూని నూలుగుడ్డతో తుడవకు. నూలుకి తగిలితే వేడెక్కి చెయ్యి కాలుతుంది. తోలు పొడి పీల్చకుండా మాస్క్ పెట్టుకో. నీ దగ్గు సంగతి నాకు తెలుసు, తల్లీ.

ఊడదీసిన ప్రతి టిప్‌నీ నిలువుగా రెండుగా కోసి, కోత పైకి కనపడేలా ఒక అట్ట మీద అతికించు. పక్కన గోరు పరీక్షలో ఏం తేలిందో, ఎన్ని పొరలో, ఏ క్యూదో రాయి. బ్రాండు ఖాయంగా తెలిస్తేనే పేరు రాయి, లేకపోతే "మెత్తటిది, ఒకే ముక్క" అని రాసి, క్యూ యజమానికీ అదే మాట చెప్పు. అట్ట నిండాక ఫోటో తీసి నాకు పంపు. అనుమానంగా ఉన్నవాటి గురించి ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న