బారెల్ మార్చే ముందు ఇసుక సంచి మీద పెట్టి చూడండి

మీ అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో రెండు నెలల క్రితం దాకా 60 షాట్లకు 615 తెచ్చుకునేదని, ఇప్పుడు 600 రావడమే కష్టంగా ఉందని, తొమ్మిదులు నాలుగు వైపులా పడుతున్నాయని రాశారు. బారెల్ అరిగిపోయింది, మార్చేయమని ఎవరో చెప్పారట. ఆగండి సార్. మెత్తటి సీసం పెల్లెట్, సెకనుకు 170 మీటర్ల వేగం, తుపాకి మందు వేడి లేదు, పొగ లేదు. ఎయిర్ రైఫిల్ బారెల్ రెండు నెలల్లో అరిగిపోయే వస్తువు కాదు.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. దశాంశాల స్కోరులో ఒక పాయింటు అంటే కార్డు మీద 2.5 మిల్లీమీటర్లు. 615 నుంచి 600కి పడిపోవడమంటే ఒక్కో షాట్‌కు పావు పాయింటు, అంటే సగటున 0.6 మిల్లీమీటర్ల తేడా. అంత తేడాకు బారెల్ పాడవక్కర్లేదు, ఒక బోల్టు వదులైనా చాలు.

నాకు జరిగింది అదే. ఢిల్లీలో తుగ్లకాబాద్ రేంజ్‌లో ఒక పోటీకి వెళ్లి హైదరాబాద్ తిరిగొచ్చాక నా గ్రూప్ (షాట్లన్నీ ఒకచోట పడే గుంపు) చెదిరిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రైఫిల్ కాబట్టి అనుమానం మొదట దాని మీదికే పోయింది. మూడు రకాల పెల్లెట్లు కొన్నాను. రెగ్యులేటర్‌ను (గాలి ఒత్తిడిని సమంగా ఉంచే భాగం) సర్వీసింగ్‌కు ఇస్తే, అంతా బాగుందని చెప్పి డబ్బులు మాత్రం తీసుకున్నారు. మూడు నెలలు ఇలాగే గడిచాయి. చివరికి మా రేంజ్‌లో ఒక పెద్దాయన, "బాబూ, నువ్వు పట్టుకోకుండా అది ఎలా కొడుతుందో ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు. చూడలేదు.

టేబుల్ మీద ఇసుక సంచి వేసి, రైఫిల్‌ను దాని మీద ఆనించి ఐదు షాట్లు కొట్టాను. మంచి మ్యాచ్ రైఫిల్‌తో పాటు కంపెనీవాళ్లు వైస్‌లో బిగించి కొట్టిన టెస్ట్ కార్డు ఒకటి వస్తుంది. అందులో ఐదు పెల్లెట్లూ కలిసి, ఒక్క పెల్లెట్ కంటే కొంచెం పెద్దదైన ఒకే రంధ్రం చేస్తాయి. నా కార్డు మీద మూడు రంధ్రాలు విడివిడిగా కనిపించాయి. పెద్దాయన ఆలెన్ కీ తీసుకుని, స్టాక్‌ను (భుజానికి ఆనించే భాగం) యాక్షన్‌కు (బారెల్ బిగించి ఉండే యంత్ర భాగం) కలిపే ముందువైపు బోల్టును తిప్పారు. ముప్పావు చుట్టు తిరిగింది! విమానం కోసం కేసులో పట్టక నేనే విప్పాను, నేనే సరిగ్గా బిగించలేదు. ఎంత బిగించాలో మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. టార్క్ రెంచ్‌తో బిగించడం మేలు, బలం కొద్దీ బిగిస్తే స్టాక్ పాడవుతుంది.

బిగించాక సంచి మీద ఒకే రంధ్రం వచ్చింది. ఆనందంగా నిలబడి కొడితే మళ్లీ తొమ్మిదులు. అంటే మిగతా సగం తప్పు నాది. చీక్‌పీస్‌ను (చెంప ఆనించే ముక్క) తిరిగి పెట్టేటప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి పెట్టాను. దాంతో డయాప్టర్‌లోంచి (కంటి దగ్గరి గురి రంధ్రం) చూడడానికి ప్రతిసారీ మెడ వంచుతున్నాను, కన్ను ఒక్కోసారి ఒక్కో చోట ఉంటోంది. ఇప్పుడు ప్రతి సర్దుబాటు దగ్గరా మార్కర్‌తో గీత పెట్టి, స్కేలు ఆనించి ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటాను.

అందుకే మీరూ ఇసుక సంచితోనే మొదలుపెట్టండి. కోచ్ దగ్గరుండగా, రేంజ్‌లోనే చేయండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే లేన్ మార్చి ఒకసారి చూడండి, ఒక్కోసారి తప్పు టార్గెట్‌దే అవుతుంది. నేనైతే పేపర్ కార్డునే నమ్ముతాను.

సంచి మీద గ్రూప్ చిన్నగానే ఉండి, మొత్తం ఒక పక్కకు జరిగి ఉంటే అది సైట్ (గురి చూసే అమరిక) కదలడం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా సైటింగ్ షాట్ (గురి సరిచూసుకునే షాట్) నాలుగో వలయంలో పడింది, సైట్ కదిలిందని ఆయనే తర్వాత చెప్పారు. సర్దుకుని అదే రైఫిల్‌తో స్వర్ణం గెలిచారు. జరగడం వేరు, చెదరడం వేరు. జరిగితే సైట్ మరను క్లిక్కులతో తిప్పి సరిచేసుకోవచ్చు, చెదిరితే కారణం వెతకాలి.

షాట్లు నిలువుగా కిందికి జారుతుంటే ముందు సిలిండర్ గేజ్ చూడండి. గాలి బాగా తగ్గితే రెగ్యులేటర్ తన ఒత్తిడి నిలబెట్టలేదు, పెల్లెట్లు కిందికి పడతాయి. పనిలో పనిగా సిలిండర్ తయారైన తేదీ కూడా చూసుకోండి, కంపెనీవాళ్లు చెప్పిన గడువు దాటినది పోటీలకు పనికిరాదు. ఉన్నట్టుండి ఒక షాట్ మాత్రం దూరంగా ఎగిరిపోతుంటే బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) దగ్గరి ఓ-రింగ్‌ను (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) అనుమానించండి. అక్కడ సన్నటి టిష్యూ కాగితం పెట్టి టార్గెట్ వైపే షాట్ వేస్తే, గాలి కారుతున్న చోట కాగితం అదురుతుంది.

పెల్లెట్ల సంగతి. తల కొలత మిల్లీమీటర్లలో 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద ఉంటుంది. ఏది ఏ బారెల్‌కు నప్పుతుందో సంచి మీద కొట్టి చూడాల్సిందే, పక్కవాళ్ల మాట పనికిరాదు. కొత్త డబ్బా ఎప్పుడు తెరిచారో గుర్తు తెచ్చుకోండి, స్కోరు పడిపోయింది కూడా అప్పుడేనేమో. జేబులో పోసుకునే అలవాటుంటే మాన్పించండి, వెనక అంచు నలిగిపోతుంది. బారెల్‌ను ఫెల్ట్ పెల్లెట్లతో శుభ్రం చేస్తే చాలు, ఇత్తడి బ్రష్షులు వద్దు. శుభ్రం చేశాక మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పోతాయి, కంగారు పడకండి. ఇంట్లో ఉన్న నూనె ఏదో ఒకటి మాత్రం పోయకండి. ఒత్తిడిలో ఉన్న గాలికి నూనె తగిలితే ప్రమాదం.

సంచి మీద అంతా బాగుంటే? పాప వయసు పద్నాలుగన్నారు. ఈ మధ్య ఎంత పొడుగు పెరిగిందో చూడండి. రెండు సెంటీమీటర్లు పెరిగినా స్టాక్ పొట్టిదైపోతుంది, జాకెట్ బిగుతవుతుంది, నిలబడే తీరే మారిపోతుంది. పెల్లెట్ టార్గెట్ చేరడానికి సెకనులో పదహారో వంతు పడుతుంది, అంతలో తల ఎత్తి స్కోరు చూసే పిల్లలను చాలామందిని చూశాను. స్కోరు పడిపోయిందన్న టెన్షన్‌లో ఈ అలవాటు ఇంకా పెరుగుతుంది. "రైఫిల్ బాగానే ఉంది, తప్పంతా నీదే" అని మాత్రం అనకండి. మా నాన్నగారు నన్నలాగే అన్నారు, ఆ వారం స్కోరు ఇంకా పడింది.

సంచి మీద కొట్టిన ఐదు షాట్ల కార్డు ఫోటో ఇక్కడ పెట్టండి. ఈ రెండు నెలల్లో రైఫిల్‌ను ఎప్పుడైనా విప్పారా లేదా అన్నది కూడా రాయండి.