నిరుద్యోగ భృతి ఖాతా తాళం ఎవరి చేతిలో ఉంది?

ఈసారి శీర్షికనంతా ఒకే విషయానికి కేటాయిస్తున్నాను. ఉద్యోగం పోయి నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నవారి నుంచి కొన్ని నెలలుగా వస్తున్న ఉత్తరాలను వరుసగా పెట్టి చదివితే, రాసినవారు వేరైనా గోడు మాత్రం ఒక్కటే. అర్హత ఉంది, దరఖాస్తుకు ఆమోదమూ వచ్చింది, తీరా ఖాతాలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఎవరికి ఎంత వస్తుంది, ఎన్ని వారాలు వస్తుంది అన్నది మీరున్న ప్రాంతపు చట్టం తేల్చే సంగతి. నేను చెప్పగలిగింది ఫోన్ గురించి, పాస్‌వర్డ్ గురించి, ఫారం గురించి.

ప్రశ్న: నోటీసు కాలంలో ఉండగానే, కంపెనీ ఇచ్చిన ఫోన్ నంబరుతో భృతి పోర్టల్‌లో ఖాతా తెరిచాను. చివరి రోజున ఫోన్ తిరిగి ఇచ్చేశాను. లాగిన్ కోడ్ ఇప్పటికీ ఆ నంబరుకే వెళుతోంది. ఇంకా ఉద్యోగం లేదని వారంవారం పంపవలసిన ధ్రువీకరణను రెండు వారాలుగా పంపలేకపోవడంతో చెల్లింపు ఆగిపోయింది. మరో నంబరుతో కొత్త ఖాతా తెరవవచ్చా?

తెరవవద్దు. ఒకే గుర్తింపు సంఖ్యతో రెండు ఖాతాలు కనిపిస్తే, మోసాలను పసిగట్టే సాఫ్ట్‌వేర్ వాటిలో ఏది అసలుదో తేల్చుకోలేక రెండింటినీ నిలిపివేసే ప్రమాదం ఉంది. అప్పుడు మీరు పరిష్కరించుకోవలసిన చిక్కులు రెండవుతాయి. కార్యాలయానికి ఫోన్ చేయండి, కుదిరితే స్వయంగా వెళ్లండి. గుర్తింపు పత్రాలు చూపించి నంబరు మార్పించుకోండి. అంతటితో తిరిగి రాకుండా, తప్పిపోయిన రెండు వారాలకు ఆలస్యంగా ధ్రువీకరణ ఇచ్చే అవకాశం ఉందా అని అడిగి, ఆ అభ్యర్థనను రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ తేదీన, ఏ సమయానికి, ఎవరితో మాట్లాడారో రాసిపెట్టుకోండి. ఆలస్యానికి మీరు చెప్పే కారణాన్ని నమ్మించేది ఆ కాగితమే.

ఇక్కడ పాఠకుల మీద కూడా నాకు కొంత కోపం ఉంది. కంపెనీ నంబరు, కంపెనీ ఈమెయిల్, కంపెనీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో భద్రపరచిన పాస్‌వర్డ్, వీటిలో ఏదీ మనది కాదని ఉద్యోగంలో చేరిన రోజు నుంచే తెలుసు. అయినా బ్యాంకు ఖాతా మొదలుకొని బీమా వరకు అన్నింటినీ వాటికే కట్టి ఉంచుతాం. మీరు తిరిగి ఇచ్చిన నంబరు రేపు ఆ సంస్థలోనే మరొకరి చేతికి వెళ్లవచ్చు. మీ భృతి ఖాతా తెరిచే కోడ్ ముక్కూమొహం తెలియని ఒక ఉద్యోగి ఫోన్‌లో మోగుతుందన్న మాట. ఉద్యోగం ఊగిసలాడుతోందని అనుమానం వచ్చిన రోజునే ఈ ముళ్లు విప్పడం మొదలుపెట్టాలి. సొంత నంబరు, సొంత ఈమెయిల్, సొంత ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ సిద్ధం చేసుకోవాలి, లాగిన్ కుదరనప్పుడు వాడేందుకు ఖాతా ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోవాలి. ఆథెంటికేటర్ యాప్ సాధారణంగా 30 సెకన్లకొకసారి కొత్త కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేస్తుంది కనుక సిగ్నల్ లేకపోయినా, సిమ్ మారినా అది పనిచేస్తుంది. అయితే దాన్ని ఆఫీసు ఫోన్‌లో పెట్టుకుంటే మాత్రం ఫోన్‌తోపాటే పోతుంది.

రూపకర్తల తప్పు ఇంతకన్నా పెద్దది. నంబరు మార్చుకోవాలంటే పాత నంబరుకు వచ్చిన కోడ్ ఇమ్మని అడిగే పోర్టల్‌ను ఏమనాలి? తాళం చెవి పోగొట్టుకున్నవాణ్ణి, ముందు తలుపు తీసి లోపలికొచ్చి ఫిర్యాదు రాసిమ్మన్నట్లుంది. భృతి కోరేవారందరూ ఈమధ్యనే ఉద్యోగం పోయినవారు. వారిలో ఎందరో ఫోన్ మారినవారు, ఇల్లు మారినవారు, బిల్లు కట్టలేక నంబరు వదులుకున్నవారు అయి ఉంటారన్నది ఊహించడానికి కష్టమైన విషయం కాదు. దానికి తోడు, 90 రోజులకొకసారి పాస్‌వర్డ్ మార్చమనే పాత అలవాటును కొన్ని పోర్టళ్లు ఇంకా వదలలేదు. కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. లీకైన దాఖలా ఉంటేనే మార్పించమంది.

ప్రశ్న: "మీ భృతి నిలిపివేయబడింది, 24 గంటల్లో గుర్తింపు ధ్రువీకరించండి" అని సందేశం వచ్చింది. లింకు తెరిస్తే అచ్చం పోర్టల్‌లాగే ఉంది. పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ రెండూ ఇచ్చాను. తర్వాతి చెల్లింపు నా బ్యాంకుకు రాలేదు. పోర్టల్‌లో మాత్రం "చెల్లించబడింది" అని చూపిస్తోంది.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఇదే. మీ ఖాతాలో మార్చినది ఒక్కటే గడి: బ్యాంకు ఖాతా సంఖ్య. పేరు మీదే, అర్హత మీదే, వారంవారం బుద్ధిగా ధ్రువీకరణ పంపుతున్నదీ మీరే. డబ్బు మాత్రం మరొకరికి చేరుతోంది. మోసగాడికి ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు లేదు. నకిలీ దరఖాస్తు పెట్టాలంటే వాడు పత్రాలు సృష్టించాలి, పరిశీలనను దాటాలి. ఆ కష్టమంతా మీరే పడ్డారు కనుక వాడు చివరి మెట్టు దగ్గర నిలబడితే చాలు.

ఓటీపీ ఉంది కదా, ఎలా జరిగింది అని చాలామంది అడుగుతారు. మీరు నకిలీ పేజీలో పాస్‌వర్డ్ టైపు చేసిన క్షణంలోనే అవతలి యంత్రం దాన్ని అసలు పోర్టల్‌లో వేసింది. అసలు పోర్టల్ మీ ఫోన్‌కు నిజమైన ఓటీపీ పంపింది. మీరు దాన్ని నకిలీ పేజీకి అందించారు. ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే కోడ్‌ను కూడా ఇలాగే లాక్కోవచ్చు. ఈ పద్ధతికి లొంగనిది పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్‌కు బదులుగా మీ ఫోన్‌ లేదా కంప్యూటర్‌ దాచి ఉంచే డిజిటల్ తాళం చెవి. అది ఏ వెబ్‌సైట్ కోసం తయారైందో ఆ చిరునామాకే కట్టుబడి ఉంటుంది కనుక పేజీ ఎంత అచ్చుగుద్దినట్లున్నా నకిలీ చిరునామాకు స్పందించదు. మీ పోర్టల్ పాస్‌కీకి అవకాశం ఇస్తుంటే ఈ రోజే పెట్టుకోండి. అవకాశం లేకపోతే, సందేశంలో వచ్చిన లింకును ఎన్నడూ తెరవకుండా, మొదటిసారి అధికారిక పత్రం మీద చూసి టైపు చేసుకున్న చిరునామాను బుక్‌మార్క్‌గా పెట్టుకుని దాని ద్వారానే వెళ్లండి. సెర్చ్ ఫలితాల్లో అన్నింటికన్నా పైన కనిపించేది డబ్బు చెల్లించిన ప్రకటన కావచ్చు. అక్కడ కూడా నకిలీ పోర్టళ్లు దొరుకుతాయి.

ఇప్పుడు మీరు చేయవలసిన పనికి వరుస ముఖ్యం. సందేశం తెరిచిన ఫోన్‌ను పక్కన పెట్టి, నమ్మకమైన మరో పరికరం నుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాతే పోర్టల్ పాస్‌వర్డ్. ఈమెయిల్ వాడి చేతిలో ఉంటే మీరు ఎన్నిసార్లు మార్చినా వాడు తిరిగి తెరుస్తాడు. ఈమెయిల్ సెట్టింగ్స్‌లో, వచ్చిన ఉత్తరాలను మరో చిరునామాకు పంపే నియమం ఏదైనా కొత్తగా చేరిందేమో చూడండి. పోర్టల్ నుంచి వచ్చే హెచ్చరికలను మీ కంటపడకుండా నేరుగా చెత్తబుట్టలో వేసే నియమాన్ని మోసగాళ్లు తరచుగా పెడతారు. ఇతర పరికరాల్లో తెరిచి ఉన్న పాత లాగిన్‌లన్నింటి నుంచీ ఒకేసారి లాగౌట్ అవ్వండి. ఆ తర్వాత పోర్టల్‌లో బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, చిరునామా గడులను తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసుకుని మరీ సరిచేయండి. అదే రోజు భృతి కార్యాలయానికీ, పోలీసులకూ, మీ బ్యాంకుకూ ఫిర్యాదు చేయండి. పోయిన చెల్లింపును మళ్లీ ఇవ్వాలా వద్దా అని కార్యాలయం ఆలోచించేటప్పుడు ఫిర్యాదు తేదీ చాలా విలువైనది.

ఈ దొంగతనాలు చిల్లర వ్యవహారం కాదు. కరోనా కాలంలో అమెరికా నిరుద్యోగ బీమా పథకాల్లో మోసంగా పోయిన సొమ్ము 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చని ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2023 సెప్టెంబరులో అంచనా వేసింది. ఇంత జరిగాక కూడా, బ్యాంకు ఖాతా మారిన వెంటనే పాత ఫోన్‌కూ పాత ఈమెయిల్‌కూ హెచ్చరిక పంపి, కొత్త ఖాతాకు మొదటి చెల్లింపును కొన్ని రోజులు ఆపి ఉంచాలన్న ఇంగితం పోర్టళ్లన్నింటికీ ఎందుకు అబ్బలేదో నాకు అర్థం కాదు. లాగిన్ దగ్గర ముఖం చూపించమంటారు, తల అటూ ఇటూ తిప్పమంటారు, పాత ఫోన్ కెమెరా మసకగా ఉంటే తిప్పి పంపుతారు. ఒకసారి లోపలికి వెళ్లినవాడు డబ్బు దారిని మార్చేస్తుంటే మాత్రం ఒక్క ప్రశ్నా అడగరు. కాపలా అంతా గడప దగ్గరే, ఇనప్పెట్టె దగ్గర ఎవరూ లేరు.

ఇంకొక మాట. మీ తరఫున ఫారం నింపుతామని, వారంవారం ధ్రువీకరణ కూడా తామే పంపుతామని రుసుము అడిగే మధ్యవర్తులకు పాస్‌వర్డ్ ఇవ్వకండి, తెరను పంచుకునే యాప్ వేసుకోమంటే వేసుకోకండి. ఆ ధ్రువీకరణలో అబద్ధం దొర్లితే జవాబు చెప్పవలసింది మీరే.

ప్రశ్న: ఫారం సగంలో ఉండగా "మీ సెషన్ ముగిసింది" అంటూ మొదటికి తెస్తోంది. ఒకసారి పంపాననుకున్న ధ్రువీకరణ చేరనే లేదట.

సమయ పరిమితి ఉన్న పేజీ, గడువు ముగిసే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలన్న సూత్రం వెబ్ ప్రమాణాల సంఘం డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లో 2008 నుంచీ ఉంది. మీ పోర్టల్ దాన్ని పట్టించుకోలేదు. మీరు చేయగలిగిందల్లా పని చేసిన తేదీలు, సంపాదన, దరఖాస్తు చేసిన ఉద్యోగాల వివరాలను ముందే ఒక నోట్‌లో రాసుకుని అక్కడి నుంచి అతికించడం, గడువు చివరి గంట వరకు ఆగకపోవడం, నిర్ధారణ సంఖ్య కనిపించిన పేజీని పీడీఎఫ్‌గా దాచడం. నిర్ధారణ సంఖ్య రాకపోతే పంపనట్లే లెక్క. మీరున్న చోటును ఇంటర్నెట్‌లో వేరుగా చూపే వీపీఎన్ వాడుతుంటే ఆపి ఉంచండి, ఎందుకంటే వేరే దేశం నుంచి వచ్చినట్లు కనిపించే లాగిన్‌ను అనుమానించే పోర్టళ్లు ఉన్నాయి.

మధ్యలో కొద్ది రోజులు పనిచేసి ఉంటే, సంపాదన గడిలో ఏ వారానికి ఏ అంకె వేయాలో సూచనలు చదివి మరీ వేయండి. అమెరికాలో సాధారణంగా పని చేసిన వారానికే సంపాదన చూపాలి, డబ్బు చేతికి రాకపోయినా సరే. ఆస్ట్రేలియాలో 2020 డిసెంబరు నుంచి జీతం అందినప్పుడు చూపే పద్ధతి వచ్చింది. ఒకచోటి స్నేహితుడి సలహా మరోచోట అదనపు చెల్లింపు వసూలు నోటీసుగా తిరిగి వస్తుంది.

ప్రశ్న: కొత్త ఉద్యోగం దొరికింది. భృతి ఖాతా, దానికి సంబంధించిన ఈమెయిళ్లు అన్నీ తీసేయవచ్చా?

తీసేయకండి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగింది చూడండి. నిరుద్యోగ బీమా మోసాలను పట్టుకోవడానికి 2013 అక్టోబరులో అక్కడ మైడాస్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. యజమాని ఇచ్చిన లెక్కకూ లబ్ధిదారు ఇచ్చిన లెక్కకూ తేడా కనిపిస్తే అది ఒక ప్రశ్నావళి పంపేది. చాలామందికి ఆ ప్రశ్నావళి చేరింది, భృతి ముగిసిన తర్వాత వారు తెరవడమే మానేసిన ఆన్‌లైన్ ఖాతాలోకి. పది రోజుల్లో జవాబు రాకపోతే మోసగాడని ముద్ర పడేది. తీసుకున్న సొమ్ముతోపాటు దానికి నాలుగు రెట్ల జరిమానా, వడ్డీ. జీతాల నుంచి కోత వేశారు, పన్ను వాపసులు పట్టుకున్నారు. మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే తేల్చిన 22,000కు పైగా కేసులను తర్వాత పరిశీలిస్తే 93 శాతం తప్పని తేలింది. ఆస్ట్రేలియాలో భృతి అదనంగా తీసుకున్నవారి నుంచి వసూలు చేయడానికి పెట్టిన, రోబోడెట్‌గా పేరుపడ్డ పథకం 2016 నుంచి ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సమానంగా పంచి, లేని బకాయిలు చూపించింది, కాదంటే ఏళ్ల నాటి జీతపు రసీదులు తెమ్మంది. 2023 జులైలో రాయల్ కమిషన్ అనే ఉన్నత స్థాయి విచారణ సంఘం నివేదిక దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

పాఠకుడి ప్రశ్నను దాటి వెళుతున్నానని తెలుసు, అయినా చెప్పక తప్పదు. నాలుగు రెట్ల జరిమానా వేయగల నిర్ణయాన్ని ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడేసి, మౌనాన్ని నేరాంగీకారంగా లెక్కగట్టమని ఒక ప్రోగ్రాముకు నేర్పినవారు, కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా చేయడానికి సంకోచించే పనిని యంత్రం చేత చేయించారు. పాత యంత్రాలను మాత్రమే నిందించడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్‌లో దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నరు దశాబ్దాల నాటి కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు సాయానికి రావాలని బహిరంగంగా అడగవలసి వచ్చింది, దాన్ని చూసి అందరూ పాత సాఫ్ట్‌వేర్‌ను తిట్టారు. మిషిగన్‌లోది కొత్త సాఫ్ట్‌వేరే.

కాబట్టి ఖాతాను ఉంచండి. పోర్టల్‌లో ఉద్యోగం దొరికిన తేదీని నమోదు చేసి ధ్రువీకరణలు ఆపండి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా మారినప్పుడల్లా అక్కడ కూడా మార్చండి. పంపిన ప్రతి ధ్రువీకరణ పీడీఎఫ్‌ను, ఆ కాలపు జీతపు రసీదులను, తొలగింపు లేఖను ఒక ఫోల్డరులో పెట్టి, ఒక ప్రతిని ఫోన్‌లో కాకుండా వేరేచోట భద్రపరచండి. నెలకొకసారి లాగిన్ అయి సందేశాల పెట్టె తెరవండి. అందులో ఏదైనా నోటీసు ఉంటే, మొదట దాని తేదీ చూసి అప్పీలు గడువు ఎప్పటితో ముగుస్తుందో లెక్కపెట్టండి.