జియోలైట్ పొడి కలిపితే కాంక్రీటు నిజంగా బలపడుతుందా?

బలపడుతుంది. కాకపోతే మీరు పొడి గురించి కాదు, నీళ్ళ మగ్గు గురించి అడగాల్సింది.

నేను కాంక్రీటు క్యూబులు పోసి, మిషన్‌లో పగలగొట్టి బలం కొలిచే ల్యాబులో ఉన్న రోజుల్లో ఓ ట్రయల్ మిక్సు వేశాం. సిమెంటు 15 శాతం తగ్గించి, ఆ మేరకు జియోలైట్ అనే సన్నటి గుల్లలున్న రాయి పొడి. రెండు నిమిషాలు బాగానే తిరిగింది. ఆ తర్వాత చూస్తుండగానే ముద్దకట్టి డ్రమ్ముకి అంటుకుపోయింది. గుల్ల రాయి కదా, నీళ్ళన్నీ తాగేసింది. 1756లో క్రోన్‌స్టెట్ అనే స్వీడన్ ఆయన ఈ జాతి రాయిని కాలిస్తే ఆవిరి పొంగిందని 'మరిగే రాయి' అనే అర్థంలో గ్రీకు పేరు పెట్టాడు. ఆయనకి నీళ్ళు బయటికొచ్చాయి, మాకు లోపలికి పోయాయి.

నీళ్ళు పెంచకుండానే మిక్సుని జారేలా చేసే అడ్మిక్చర్ డబ్బా తెద్దామని వెళ్ళొచ్చేసరికి మేస్త్రీ రెండు మగ్గులు గుమ్మరించేశాడు. "చూడండి సార్, ఇప్పుడెలా జారుతోందో!" జారకేం, బ్రహ్మాండంగా జారింది. అవీ క్యూబులు పోశాం.

మర్నాడు నీళ్ళు పెంచకుండా ఆ అడ్మిక్చర్‌తోనే, అంటే సూపర్ ప్లాస్టిసైజర్‌తో, సర్ది ఇంకో బ్యాచి వేశాం. 7 రోజులకి పగలగొడితే మామూలు మిక్సు కన్నా తక్కువే వచ్చింది. మా పెద్దసారు పెదవి విరిచి ఫైలు మూసేశారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సిమెంటు గట్టిపడుతూ వదిలే సున్నంతో ఈ పొడిలోని సిలికా నింపాదిగా కలిసి కొత్త జిగురు కడుతుంది. అది వారంలో తేలే పని కాదు. గుల్లల్లో దాచుకున్న నీరు కూడా మెల్లిగా వదులుతూ లోపల్నుంచే క్యూరింగ్ చేస్తుంది. పైన కప్పిన గోనెసంచులు రెండో రోజుకే ఎండిపోయే సైట్లకి ఇంతకన్నా ఏం కావాలి?

రోమ్‌లో పాంథియన్ గుమ్మటం అడ్డంగా 43 మీటర్లు. లోపల ఇనుప ఊచ ఒక్కటి లేదు. సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిసి ఇదే తరహా జిగురు కట్టింది, పైకి పోయేకొద్దీ బరువు తగ్గడానికి ప్యూమిస్ రాయి. దాదాపు 1,900 ఏళ్ళుగా నిలబడింది. దానికి 7 రోజుల రిపోర్టు ఎవరడిగారు?

మిగిలిన క్యూబుల్ని ఎవరికీ చెప్పకుండా ట్యాంకు అడుగున ఉంచేశాను. 90 రోజులకి తీసి మిషన్‌లో పెడితే మామూలు మిక్సుని దాటేశాయి. నీళ్ళెక్కువైన ఆ రెండు మగ్గుల బ్యాచి మిషన్ దాకా పోనక్కర్లేదు, చేత్తో రుద్దితేనే అంచులు రాలాయి.