స్కూల్ రేటింగ్ 6, పాపకి రీడింగ్‌లో 'అప్రోచెస్': ఇల్లు మారాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. మా పాప మూడో తరగతి పూర్తి చేసింది. రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ పరీక్షలో మ్యాథ్స్‌లో 'మీట్స్', రీడింగ్‌లో 'అప్రోచెస్' వచ్చింది. వెబ్‌సైట్‌లో స్కూల్ రేటింగ్ పదికి 6. ఫ్రెండ్స్ పిల్లలందరికీ 'మాస్టర్స్' వచ్చింది. రేటింగ్ 10 ఉన్న స్కూల్ పరిధిలో ఇల్లు కొనుక్కుని వెళ్లిపోదామా? లేక ఇక్కడే ఉండి మ్యాథ్స్ కోచింగ్, గిఫ్టెడ్ టెస్ట్ (ప్రతిభ ఉన్న పిల్లల ప్రత్యేక క్లాసుకి ఎంపిక పరీక్ష) కోచింగ్‌లో చేర్పిద్దామా? రెండూ పోల్చి చెప్పండి. పాప ఈ మధ్య పుస్తకం తీయమంటేనే ఏడుస్తోంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే నేను మొదలుపెడతాను. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల పుస్తకం చూసి ఏడుస్తోందంటే, ఇంట్లో స్కోర్ల గురించి తన ముందే చాలా మాటలు జరిగి ఉంటాయి. ఫ్రెండ్స్ పిల్లలకి ఏం వచ్చిందో తనకి కూడా తెలిసే ఉంటుంది. ముందు అది ఆపండి.

'అప్రోచెస్' అంటే ఫెయిల్ కాదు. దాని పైన 'మీట్స్', అన్నిటికన్నా పైన 'మాస్టర్స్' ఉంటాయి, అంతే. టెక్సాస్ లెక్క ప్రకారం అది పాసే. కొంచెం ప్రత్యేకమైన సాయం అందితే పై తరగతి చదువు అందుకోగలదని దాని అర్థం. ఈ స్కోరు చూసి పాపని అదే తరగతిలో ఆపేయరు. కాలేజీలు చూసే రికార్డు తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది. మూడో తరగతిలో ఏ లెవెల్ వచ్చిందని రేపు ఎవరూ అడగరు. మీకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే దీన్ని రెండుసార్లు చదువుకోండి.

ఇంకో సంగతి. 2023 నుంచి ఈ రీడింగ్ పరీక్షలో రాయడం కూడా కలిసింది. మూడో తరగతి వాళ్లు కూడా చదివినదాని మీద చిన్న వ్యాసం రాయాలి. కాబట్టి మీ పాప చక్కగా చదువుతూ, రాయలేక మార్కులు పోగొట్టుకుని ఉండొచ్చు. రాష్ట్రం తల్లిదండ్రులకిచ్చే పోర్టల్‌లో ఏ ప్రశ్నకి ఏం జవాబు రాసిందో కనిపిస్తుంది. ఇల్లు కొనేముందు అది తెరిచి చూశారా?

ఇక కోచింగ్. రీడింగ్‌లో తగ్గితే మీరు మ్యాథ్స్ కోచింగ్ గురించి అడుగుతున్నారు! మన వాళ్లలో ఇది మామూలైపోయింది. అందరి పిల్లలూ రెండు క్లాసులు ముందున్నారు, మన పిల్ల కూడా ఉండాలి, అంతే. ఈ ముందుకు తోయడం మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వర్క్‌షీట్లు దిద్దీ దిద్దీ భాగహారాలు చకచకా చేసేసే పిల్లలు, నాలుగు వాక్యాల లెక్క ఇస్తే ఏం అడిగారో అర్థం కాక ఆగిపోవడం తరచూ చూస్తుంటాను. తరగతి పెరిగేకొద్దీ లెక్కల్లో చదివి అర్థం చేసుకోవాల్సింది ఎక్కువవుతుంది. మీ పాప మ్యాథ్స్‌ని కూడా రేపు ఇబ్బంది పెట్టేది రీడింగే.

గిఫ్టెడ్ టెస్ట్ కోచింగ్ గురించి ఇంకా గట్టిగా చెప్తాను. పిల్లలు ముందెప్పుడూ చూడని సమస్యని ఎలా ఆలోచిస్తారో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష అది. ఆ నమూనాలన్నీ నెలల తరబడి ముందే చేయించి పంపిస్తే స్కోరు పెరగొచ్చు, కానీ ఆ స్కోరు పాప గురించి ఏమీ చెప్పదు. తర్వాత ఆ క్లాసులో కూర్చుని ప్రతిరోజూ నెట్టుకురావాల్సింది మీరు కాదు, తను. పరీక్ష రాయించండి, వద్దనను. డబ్బు కట్టి తయారు చేయించొద్దు.

ఎలిమెంటరీ స్కోరు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. 2023లో వచ్చిన చట్టం ప్రకారం, ఐదో తరగతి మ్యాథ్స్‌లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో స్కూలే చేరుస్తుంది. దానికింకా రెండేళ్ల టైముంది. ఇప్పటికే 'మీట్స్' తెచ్చుకున్న పిల్లకి అది దూరమేమీ కాదు.

రేటింగ్ విషయానికొస్తే, పదికి ఇచ్చే ఆ అంకెలో పరీక్ష స్కోర్లకి పెద్ద వాటా ఉంటుంది. ఆ స్కోర్లు చాలావరకు అక్కడి కుటుంబాల ఆదాయాన్ని, చదువుని బట్టి ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ దేశంలోని వేల స్కూల్ డిస్ట్రిక్టుల స్కోర్లు పరిశీలించి 2017లో ఫలితాలు వెల్లడించారు. మూడో తరగతిలో దేశ సగటు కంటే బాగా వెనకబడి ఉన్న షికాగో పిల్లలు, ఆ తర్వాత ఐదేళ్లలో ఆరేళ్లంత చదువు నేర్చుకున్నట్టు అందులో తేలింది. స్కోరు ఎంతుందన్నది ఒకటి, పిల్లలు ఏటేటా ఎంత ఎదుగుతున్నారన్నది ఇంకొకటి. టెక్సాస్ రాష్ట్రం ఇచ్చే ఎ నుంచి ఎఫ్ రేటింగ్‌లో 'స్కూల్ ప్రోగ్రెస్' అని విడిగా గ్రేడ్ ఉంటుంది. మీ స్కూల్‌దీ, ఆ 10 రేటింగ్ స్కూల్‌దీ పక్కపక్కన పెట్టి అది చూడండి. ఇక్కడ బాగుంటే మారే పనే లేదు. రెండేళ్లుగా పడిపోతూ ఉంటే అప్పుడు ఆలోచించండి. ఇల్లు మీకు వేరే కారణాలతో కావాలనుకుంటే కొనుక్కోండి, పాప పేరు పెట్టి మాత్రం తలకి మించిన అప్పు చేయొద్దు.

ఈ లోపు రోజూ ఓ ఇరవై నిమిషాలు మీరే పక్కన కూర్చుని, తనకి నచ్చిన పుస్తకం చదివి వినిపించండి. ప్రశ్నలు వేయొద్దు, టైమర్ పెట్టొద్దు. ఇంగ్లిష్ కోసమని ఇంట్లో తెలుగు మానేశారేమో, మళ్లీ మొదలుపెట్టండి. కథ తెలుగులో విన్నా, 'తర్వాత ఏమైంది, ఎందుకైంది' అని ఆలోచించడం అలవాటవుతుంది. స్కూల్ తెరిచాక టీచర్‌ని కలిసి, పదాలు చదవడంలో కష్టపడుతోందా, అర్థం చేసుకోవడంలోనా, రాయడంలోనా అని సూటిగా అడగండి. పదాల దగ్గరే తడబడుతోందంటే, డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది పెట్టే సమస్య) ఉందేమో చూడమని స్కూల్‌కి రాతపూర్వకంగా అభ్యర్థన ఇవ్వండి. పబ్లిక్ స్కూల్లో దానికి ఫీజు ఉండదు.