మావాడు థియరెటికల్ ఫిజిక్స్ అంటున్నాడు... పంపాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. కానీ రాత్రి పన్నెండు దాటినా ఫోన్లో బ్లాక్‌హోల్స్, డార్క్ మ్యాటర్ అంటూ ఎవరెవరితోనో వాదిస్తుంటాడు. అసలు డార్క్ మ్యాటరే లేదట, గురుత్వాకర్షణ వేరే డైమెన్షన్‌లోంచి మన వైపు కారుతోందట. ఓ నోట్సు నిండా ఇదే రాసుకున్నాడు. ఇంజనీరింగ్ వద్దు, థియరెటికల్ ఫిజిక్స్ చదువుతానంటాడు. వాళ్ల నాన్న కంప్యూటర్ సైన్స్ తప్ప మరో మాట వినరు. ఏం చేయమంటారు? – ఓ తల్లి, ఖమ్మం

అమ్మా, ముందు ఆ నోట్సు జాగ్రత్తగా దాచండి. కోపంలో ఎవరూ చింపకుండా చూడండి.

మీ అబ్బాయి పట్టుకున్నవి పనికిమాలిన ప్రశ్నలు కావు. సూర్యుడి దగ్గరున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. దూరంగా ఉన్న నెప్ట్యూన్ వేగం అయిదున్నర కిలోమీటర్లు కూడా ఉండదు. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గాలి. కానీ 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే అంచుల్లో కూడా వేగం తగ్గలేదు. కనిపించని పదార్థమేదో, అంటే డార్క్ మ్యాటర్, ఉందన్న ఆలోచన దానివల్లే బలపడింది. ఆ పదార్థం ఏమిటో ఇప్పటికీ ఎవరికీ చిక్కలేదు. విశ్వం విస్తరించే వేగం సంగతీ అంతే. దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు ఎన్ని కిలోమీటర్లని లెక్కేస్తే, ఒక పద్ధతిలో 67, ఇంకో పద్ధతిలో 73 వస్తోంది. ఏది తప్పో తేలలేదు. ఇంటర్ పిల్లాడికి ఇలాంటివాటి మీద నిద్ర పట్టకపోతే నాకు సంతోషమే.

అయితే ప్రశ్న మీద ఇష్టం వేరు, లెక్క మీద ఇష్టం వేరు. వీడియో చూస్తున్నప్పుడు రెండూ ఒకటిలాగే అనిపిస్తాయి. ఈ చదువులో ఏళ్ల తరబడి ఉండేది మాత్రం లెక్కే. మీవాడిది ఏ ఇష్టమో తెలుసుకోవడానికి రెండు వారాలు చాలు. ఇక్కడి నుంచి అతనితోనే మాట్లాడతాను, చదివి వినిపించండి.

బాబూ, ఫోన్ పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకో. గురుత్వాకర్షణ పాఠంలో పలాయన వేగం (ఆకర్షణను దాటి బయటపడటానికి కావలసిన వేగం) సూత్రం నీకు వచ్చు. వేగం స్థానంలో కాంతి వేగం పెట్టి వ్యాసార్థం కనుక్కో. సూర్యుడి ద్రవ్యరాశి వేస్తే దాదాపు మూడు కిలోమీటర్లు వస్తుంది. భూమికి వేస్తే తొమ్మిది మిల్లీమీటర్లు, అంటే మొత్తం భూమి ఓ గోళీ అంత అవ్వాలి. ఐన్‌స్టీన్ సిద్ధాంతంతో చేసినా బ్లాక్‌హోల్‌కు ఇదే వ్యాసార్థం వస్తుంది. ఇప్పుడు ఆగి ఆలోచించు. ఆ సూత్రం రాబట్టేటప్పుడు గతిశక్తిని ఎమ్వీ స్క్వేర్‌లో సగం అనుకున్నాం. కాంతికి అది వర్తించదు. మరి తప్పు దారిలో వెళ్లి సరైన ఊరికి ఎలా చేరాం? జవాబు వెతుక్కోకు. రెండు రోజులు దాంతోనే కూర్చో. చిరాకొచ్చినా కాగితం వదలబుద్ధి కాకపోతే ఈ చదువు నీదే.

ఆ తర్వాత 1974లో హాకింగ్ చెప్పిన బ్లాక్‌హోల్ ఉష్ణోగ్రత సూత్రంలో అంకెలు వెయ్యి. సూర్యుడంత బరువున్న బ్లాక్‌హోల్ ఉష్ణోగ్రత ఒక కెల్విన్‌లో కోటోవంతుకు కూడా చేరదు. చుట్టూ ఉన్న విశ్వమేమో 2.7 కెల్విన్లు. బ్లాక్‌హోల్స్ ఆవిరైపోతాయని వీడియోల్లో విన్నావు కదా, ఈ బ్లాక్‌హోల్ ఈరోజు తరుగుతోందా, పెరుగుతోందా? ఎవరితోనూ వాదించకుండానే నీ చేత్తో తేల్చగలవు.

ఇక నీ నోట్సు. గురుత్వాకర్షణ అదనపు డైమెన్షన్లలోకి పాకుతుందన్న ఆలోచన నీకంటే ముందు పెద్దవాళ్లకూ వచ్చింది. గురుత్వాకర్షణ ఎందుకంత బలహీనమో చెప్పడానికి 1998లో అర్కానీ హమేద్, డిమోపౌలోస్, ద్వాలీ అనే భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని వాడారు. వాళ్లు అక్కడితో ఆగలేదు. అలాంటి డైమెన్షన్లు రెండుంటే, మిల్లీమీటరు దూరం దగ్గర న్యూటన్ విలోమ వర్గ నియమం (దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతవుతుంది) తప్పాలని లెక్కగట్టారు. అమెరికాలో సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు సన్నని తీగకు లోలకం వేలాడదీసి కొలుస్తూ, 2020 నాటికి మిల్లీమీటరులో పదోవంతు కంటే తక్కువ దూరానికి వెళ్లారు. నియమం ఎక్కడా తప్పలేదు. నీ నోట్సులో ఇంకా లేనిది అదే: ‘నేను చెప్పింది నిజమైతే ఫలానా చోట ఇంత రావాలి’ అనే ఒక్క అంకె. ఆండ్రోమెడా అంచున వేగం ఎంత రావాలో నీ ఆలోచనతో లెక్కగట్టి చూడు. రాకపోతే ఎక్కడ ఆగిందో రాసుకో.

అమ్మా, మళ్లీ మీతో. లెక్క మీద ఇష్టం ఉందని తేలితే ఆపకండి. దారులున్నాయి. తిరుపతితో సహా ఐసర్లలో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు) అయిదేళ్ల బీఎస్–ఎంఎస్ ఉంది. వాటి ప్రవేశపరీక్ష ఐఏటీలో బయాలజీ ప్రశ్నలూ ఉంటాయి. ఎంపీసీ పిల్లలు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని కంగారుపడతారు, ఇప్పుడే చెప్పి ఉంచండి. అలాంటి సంస్థే అయిన భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. బెంగళూరు ఐఐఎస్సీ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా చూడదగ్గవే. జేఈఈ మానేయమని నేను చెప్పను. వాళ్ల నాన్నగారు మెత్తబడాలంటే హైదరాబాద్ ఐఐటీలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ బీటెక్ గురించి మాట్లాడండి. బీటెక్ తర్వాత కూడా జెస్ట్ లాంటి పరీక్షలు రాసి పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లున్నారు.

కాలం, డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. అయిదేళ్ల చదువు, పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటుతాయి. థియరీలో అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అయితే పీహెచ్‌డీలో మీరు ఫీజులకు అప్పు చేయనక్కర్లేదు. జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు ఇస్తున్నారు. కంప్యూటర్‌లో లెక్కలు చేయడం బాగా నేర్చుకుంటే డేటా, ఫైనాన్స్ రంగాల్లోనూ తీసుకుంటారు. ఇంటికి ఇతని జీతం ఇరవై రెండేళ్లకే అవసరమైతే మాత్రం ఆ మాట ఇప్పుడే అతనికి చెప్పండి. అప్పుడు బీటెక్ దారే ముందు. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

వాళ్ల నాన్నగారికి ఒక్క సంగతి చెప్పండి. మైసూరులో చదువుకున్న భౌతిక శాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర, బ్లాక్‌హోల్‌ను కదిలిస్తే అది ఎలా మోగి సద్దుమణుగుతుందో 1970లో కంప్యూటర్ మీద లెక్కగట్టి చూపించారు. అప్పటికి బ్లాక్‌హోల్స్ ఉన్నాయనే చాలామంది నమ్మేవారు కాదు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధన కేంద్రం పట్టుకున్న గురుత్వ తరంగం చివర్లో ఉన్నది ఆ మోతే. ఆయన దాన్ని కళ్లారా చూసి 2017లో కన్నుమూశారు. లైగోకు మన దేశంలో కేంద్రం మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రాబోతోంది. 2023లో కేంద్ర ప్రభుత్వం దానికి రూ.2,600 కోట్లు మంజూరు చేసింది. మీవాడు చదువు ముగించే నాటికి అక్కడ పని ఉంటుందని నా ఆశ.

రెండు వారాలయ్యాక ఆ లెక్కల కాగితాలు పంపించమనండి. కొట్టివేతలతో సహా, ఎలా ఉన్నవి అలాగే. నేను చూసి, ఎక్కడ తప్పిందో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.