డిసెంబర్ ఆఖర్లో నీమ్రానా కోట హోటల్‌కి ఏ బట్టలు సర్దుకోవాలి?

హైదరాబాద్ నుంచి అమ్మగారితో వెళ్లి నీమ్రానాలో రెండు రాత్రులు ఉంటామనీ, ఒక సాయంత్రం పట్టుచీర కట్టుకోవాలనుందనీ, చలి ఎలా ఉంటుందో తెలియడం లేదనీ అడిగారు. చలి సంగతి చెప్తాను. దానికంటే ముందు మెట్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ బట్టల్ని పాడుచేసేవి మెట్లే.

నీమ్రానా కోట కట్టడం 1464లో మొదలైంది. 1991 నుంచి హోటల్‌గా నడుస్తోంది. రాజస్థాన్‌లో, ఢిల్లీ–జైపూర్ దారిలో, కొండ వాలు మీద అంచెలంచెలుగా పైకి ఎక్కిపోతుంది. గది ఒక అంచెలో ఉంటే భోజనం ఇంకో అంచెలో, ఎండలో కూర్చునే మిద్దె మరో అంచెలో. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు, కొన్ని మలుపుల్లో వెలుతురు కూడా తక్కువే. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే గది బుక్ చేసేటప్పుడే "టిఫిన్ చేసే చోటి నుంచి ఈ గదికి ఎన్ని మెట్లు?" అని ఫోన్ చేసి సూటిగా అడగండి. "మంచి వ్యూ ఉన్న గది" అన్నారంటే బాగా పైన ఇస్తున్నారని అనుకోవచ్చు.

ఇక చలి. డిసెంబర్ ఆఖర్లో మధ్యాహ్నం ఎండలో 20, 22 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజామున 5 నుంచి 8కి పడిపోతుంది, చలిగాలులు వీస్తే ఇంకా తక్కువ. చాలామంది ఒకే ఒక్క లావుపాటి చలికోటు పెట్టుకుని వెళ్తారు. మధ్యాహ్నం అది చేతిలో మోతబరువు, రాత్రికి అదొక్కటే చాలదు. పైగా అంత మందం రాతిగోడలు రాత్రి చలిని పట్టుకుని పగలు కూడా వదలవు. బయట ఎండ కాస్తున్నా గదిలోకి అడుగుపెడితే కాళ్ల కింద గచ్చు చల్లగా తగులుతుంది. అందుకే ఒకటి మందంగా వేసుకోవడం కన్నా పల్చటివి మూడు వరసలుగా వేసుకోవడం మేలు. గదిలో తొడుక్కోవడానికి ఉన్ని మేజోళ్లు తప్పనిసరి. మెట్టెలున్నవాళ్లు తొడుక్కునేటప్పుడు జాగ్రత్త, అల్లికలో మెట్టె చిక్కుకుని దారాలు లాగేస్తుంది.

చీర కింద థర్మల్స్ (చలికి లోపల వేసుకునే, ఒంటికి అతుక్కుని ఉండే బట్టలు) వేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా. కాకపోతే మెడ దగ్గర బాగా దిగి ఉండే, మోచేతుల దాకా చేతులుండే రకం కావాలి. దానివల్ల జాకెట్టు చుట్టుకొలతలో అర అంగుళం దాకా పోతుంది. ఊళ్లో ఉండగానే థర్మల్ వేసుకుని దానిమీద జాకెట్టు తొడిగి హుక్కులు పెట్టి చూడండి. బిగుతైతే పక్క కుట్లలో వదిలిన గుడ్డలోంచి అటూ ఇటూ ఒక్కో కుట్టు విప్పిస్తే సరిపోతుంది. నడుము కింద లోపల ఉన్ని ఉన్న లెగ్గింగ్స్, దానిమీద మామూలు నూలు లంగా. చాలామంది ఈ లంగా మానేసి సాగే షేప్‌వేర్ వేస్తారు. ఆ పొడిగాలిలో సింథటిక్, ఉన్ని ఒకదానికొకటి రాసుకుని చిటపటమంటాయి, కుచ్చిళ్లు కాళ్లకి అతుక్కుపోతాయి. మధ్యలో నూలు ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

ముందు చెప్పులు వేసుకుని, తర్వాతే చీర కట్టుకోండి. అంచు నేలకి ముప్పావు అంగుళం పైన ఉండాలి. ఎక్కేటప్పుడు తొక్కేది ముందు కుచ్చిళ్లనే. ఎడమచేత్తో వాటిని కాస్త ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో గోడో కమ్మీయో ఆసరా చేసుకోండి. దిగేటప్పుడు గొడవ వెనక అంచుతో. అది పై మెట్టు మీద ఈడ్చుకుంటూ వస్తుంది, వెనకవాళ్ల కాలు దానిమీద పడుతుంది. కాబట్టి వెనక భాగాన్ని ముందుకంటే ఒక వేలు ఎత్తుగా దోపుకోండి.

ఏ చీర అంటే, పగటికి గద్వాల చక్కగా సరిపోతుంది: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచుకీ ఒంటికీ అతుకు ఉన్నచోట మాత్రం పిన్నీసు గుచ్చకండి, లాగినప్పుడు అక్కడే విడుతుంది. సాయంత్రానికి కంచి, ధర్మవరం లాంటి బరువైన పట్టు నయం, పల్చటి ఉప్పాడ ఆ గాలికి ఆగదు. ఫొటో కోసం గరుకు గోడకి వీపు ఆనించకండి. జరీపోగు ఒక్కటి తగులుకుంటే చాలు, బెత్తెడు దాకా లేస్తుంది. లేచిన పోగుని కత్తిరించొద్దు. సన్నటి సూదితో వెనక్కి లాగి, చుట్టూ ఉన్న నేతని వేళ్లతో మెల్లగా సర్దితే కనిపించకుండా పోతుంది. రంగుల విషయానికొస్తే, ఆ రాయి గోధుమ పసుపు. ఆవపిండి రంగు, బంగారు రంగు చీరలు ఫొటోలో గోడలో కలిసిపోతాయి. రాణీ రంగు, నెమలికంఠం, ముదురు ఆకుపచ్చ నిలబడతాయి. సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది, నాలుగుకే కట్టుకుని సిద్ధంగా ఉండండి.

శాలువా రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్నది తీసుకోండి. చిన్న స్టోల్ వీపుని కప్పదు. నిలువుగా మడిచి పైటకొంగు మీదుగా ఎడమ భుజాన వేసి, రెండో కొసని వీపు మీదుగా తిప్పి కుడిచెయ్యి కిందనుంచి ముందుకు తెచ్చుకుంటే జాకెట్టు, నగ కనిపిస్తాయి, నడుము వెనక భాగం కప్పబడుతుంది. అసలు పష్మీనా అయితే పిన్నీసు పెట్టకండి. దాని పోగు 12 నుంచి 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మాత్రమే, చిల్లు పడితే పూడదు. దారిలో "ఉంగరంలోంచి దూరుతుంది చూడండి" అని అయిదొందలకి అమ్మేవాటి జోలికి పోకండి, పల్చటి విస్కోస్ (పట్టులా మెరిసే చవక గుడ్డ) కూడా ఉంగరంలోంచి దూరుతుంది.

కాళ్లకి రాజస్థానీ మోజడీలు (తోలు జోళ్లు) కొందామనుకుంటే, సంప్రదాయ పద్ధతిలో చేసినవాటికి కుడి ఎడమ తేడా ఉండదు. తొడిగిన కొద్దీ కాలి ఆకారానికి వస్తాయి, ఆ లోపు మడమ ఒరుస్తుంది. పైగా అడుగున వట్టి తోలు కాబట్టి నునుపు సున్నపు గచ్చు మీద జారుతుంది. మీ వీధిలో చెప్పులు కుట్టేవాళ్లతో ముందే అడుగున రబ్బరు వేయించుకోండి. హీల్స్ వద్దేవద్దు.

అక్కడి ఆడవాళ్ల బట్టలకీ రుతువులున్నాయి. ఏటవాలు చారల లెహరియా శ్రావణానికి, తీజ్ పండక్కి. తెలుపు మీద ఎరుపు ఉండే ఫాగణియా ఓఢ్నీ (తలమీదుగా కప్పుకునే పెద్ద చున్నీ) ఫాల్గుణానికి. కొట్టువాళ్లు ఏడాది పొడుగునా అన్నీ అమ్ముతారు, డిసెంబర్‌లో లెహరియా కడితే ఎవరూ ఏమీ అనరు. కానీ మనకి సంక్రాంతి ముగ్గుని శ్రావణంలో వేసినట్టుంటుంది. రాజ్‌పూతీ పోషాక్ (రాజపుత్ర ఆడవాళ్ల దుస్తులు) అద్దెకి తీసుకుంటే కుర్తీ, కాంచళీ, ఘాగ్రా, ఓఢ్నీ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి. కాంచళీ లోపలిది, దాన్ని వదిలేస్తే పై కుర్తీ సరిగ్గా కూర్చోదు.

చలిమంట దగ్గర కూర్చుంటే సింథటిక్ జార్జెట్, పాలియెస్టర్ చున్నీలు వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. గదిలో హీటరు 2000 వాట్లు, గీజరు 2000, ఇస్త్రీ పెట్టె 1000 అనుకుంటే మొత్తం దాదాపు 22 ఆంపియర్లు. అన్నీ 16 ఆంపియర్ల లైను మీదే ఉంటే కరెంటు ట్రిప్ అవుతుంది, చీర సగం ఇస్త్రీలో ఉండగానే. ఒకదాని తర్వాత ఒకటి వాడుకోండి. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టుకుని ఎప్పుడూ పడుకోవద్దు, దాని విషవాయువుకి వాసన కూడా ఉండదు.

ఊళ్లోని పాత దిగుడుబావి చూడ్డానికి వెళ్తే చీర కాకుండా పంజాబీ డ్రెస్సు, బూట్లు వేసుకోండి. ఆ రోజుల్లో ఢిల్లీలో పొగమంచుకి విమానాలు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. అమ్మగారి థర్మల్స్, ఒక శాలువా, మేజోళ్లు పెద్ద సూట్‌కేసులో వేయకుండా చేతిసంచిలో ఉంచుకోండి.