ఐ.వి.ఏ. ఉన్నవారు ఛారిటీ ట్రస్టీ కావచ్చునా?

ప్రశ్న: ఇంగ్లాండులో మా మిత్రులు నడుపుతున్న చిన్న ఛారిటీలో నన్ను ట్రస్టీగా చేరమని అడుగుతున్నారు. రెండేళ్ళ క్రితం వ్యాపారంలో నష్టం వచ్చి, బ్యాంకులకూ క్రెడిట్ కార్డు కంపెనీలకూ ఉన్న బాకీలను నెలవారీ వాయిదాలలో తీర్చేందుకు ఐ.వి.ఏ. (ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్) అనే ఒప్పందం చేసుకున్నాను. నా మీద ఏ కేసూ లేదు, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ట్రస్టీగా వీలుకాకపోతే మేనేజరు అనే పేరుతో ఉండి ఖర్చులు, ఉద్యోగుల విషయాలు చూసుకోవచ్చునని కార్యదర్శి అంటున్నారు. ఇది సబబేనా? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, లీసెస్టర్)

జవాబు: ఒప్పందం పూర్తయ్యేదాకా, ఛారిటీలను నియంత్రించే ఛారిటీ కమిషన్ నుంచి మినహాయింపు పొందితే తప్ప, మీరు ట్రస్టీగా ఉండడానికి వీలులేదు. కార్యదర్శిగారు చెప్పిన దారి కూడా చాలా మటుకు మూసుకుపోయినదే.

ఇంగ్లాండు, వేల్స్‌లకు వర్తించే 2011 నాటి ఛారిటీల చట్టం అనర్హతకు దారితీసే కారణాలను వరుసగా పేర్కొన్నది. వాటిలో నేరానికి సంబంధించినవి కొన్నే. దివాలా తీసి ఇంకా విముక్తి పొందనివారు, ఋణదాతలతో రాజీ ఒప్పందం (మీ ఐ.వి.ఏ. ఇటువంటిదే) చేసుకుని దాన్ని ఇంకా పూర్తిచేయనివారు, కంపెనీ డైరెక్టరుగా ఉండకూడదని నిషేధానికి గురైనవారు, దుర్వినియోగం కారణంగా కమిషన్ గాని హైకోర్టు గాని లోగడ ట్రస్టీ పదవి నుంచి తొలగించినవారు కూడా అనర్హులే. అందువల్ల మీ నిజాయితీని ఎవరూ శంకించనక్కరలేదు. ఒప్పందం అమలులో ఉండడమే చాలు, ఎవరూ ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వకుండానే అనర్హత దానంతటదే వర్తిస్తుంది. వ్యాపారం చెడి మాట నిలుపుకుంటున్న మనిషిని మోసగాడి వరుసలో నిలబెట్టడం కటువుగానే తోస్తుంది గాని, ఆ కటుత్వాన్ని సడలించడానికే చట్టం మినహాయింపు అనే ద్వారాన్ని తెరిచి ఉంచింది.

ఇక మేనేజరు సంగతి. 2018 ఆగస్టు 1 వరకు ఈ అనర్హతలు ట్రస్టీలకే పరిమితమై ఉండేవి. 2016లో వచ్చిన సవరణ చట్టం ఆ తేదీ నుంచి వాటిని ఉన్నత స్థాయి మేనేజర్లకూ విస్తరించడమే కాక, ఉగ్రవాదం, మనీ లాండరింగ్, లంచం, కోర్టులో అబద్ధపు సాక్ష్యం వంటి నేరాలను కూడా జాబితాలో చేర్చింది. ఇక్కడ హోదా పేరును చట్టం పట్టించుకోదు, చేసే పనిని బట్టి రెండు రకాలవారిని ఉన్నత స్థాయి మేనేజర్లుగా లెక్కిస్తుంది. ఛారిటీ నిర్వహణ మొత్తానికి బాధ్యుడై, ట్రస్టీలకు తప్ప మరే ఉద్యోగికీ జవాబు చెప్పనక్కరలేని వ్యక్తి మొదటి రకం. ఆ వ్యక్తికి మాత్రమే జవాబుదారీగా ఉంటూ సొమ్మును అదుపులో ఉంచుకునేవారు రెండో రకం. మీ కార్యదర్శి వర్ణించిన పని, దానికి ఏ పేరు పెట్టినా, ఈ రెంటిలో ఒకదాని కిందకు వచ్చేటట్లే ఉంది. అలాగే, పేరుకు ట్రస్టీ కాకపోయినా, సమావేశాలలో కూర్చుని తక్కినవారితో సమానంగా నిర్ణయాలు చేస్తూ ఛారిటీని నడిపించే వ్యక్తిని చట్టం ట్రస్టీగానే లెక్కించే అవకాశం ఉంది. కార్యక్రమాల ఏర్పాట్లలో స్వచ్ఛందంగా సాయపడడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

కనుక పదవి స్వీకరించక ముందే కమిషన్‌కు మినహాయింపు కోసం దరఖాస్తు చేయండి. ఒక్క ఛారిటీకే కాని, ఒక తరగతి ఛారిటీలకు కాని, అన్నింటికీ కాని మినహాయింపు అడగవచ్చును. అనర్హతకు కారణమేమిటి, మీరు చేయబోయే పని ఏమిటి, ఆ సంస్థకు మీ అవసరం ఎంత, ప్రజలకు ఛారిటీల మీద ఉన్న నమ్మకానికి భంగం కలుగుతుందా అన్నవి పరిశీలనకు వస్తాయి. మీరు వాయిదాలు తప్పకుండా కడుతున్నట్లు చూపే కాగితాలు, తక్కిన ట్రస్టీలు మీ పరిస్థితి తెలిసే మిమ్మల్ని కోరుకుంటున్నామని రాసిన లేఖ జతచేస్తే మంచిది. విషయం దాచి చేరడం మాత్రం తగదు: అనర్హుడై ఉండి ట్రస్టీగా పనిచేయడం రెండేళ్ళ దాకా జైలు శిక్ష పడగల నేరం. పైగా ఆ కాలంలో ఛారిటీ నుంచి పొందిన జీతాన్ని, ఇతర లాభాలను తిరిగి చెల్లించమని కమిషన్ ఆదేశించవచ్చును. మీరు పాల్గొన్నంత మాత్రాన ఛారిటీ చేసిన నిర్ణయాలు చెల్లకుండా పోవు, అయితే అది సంస్థకు ఊరటే గాని మీకు రక్షణ కాదు.

ప్రశ్న: పన్నెండేళ్ళ క్రితం దుకాణంలో చిన్న దొంగతనం చేసినందుకు కోర్టు నాకు జరిమానా వేసింది. నేను ఎప్పటికీ ట్రస్టీని కాలేనా?

జవాబు: కావచ్చును. దొంగతనం నిజాయితీ లోపించిన నేరమే అయినా, శిక్షకు కాలం చెల్లిన తరువాత (అంటే దాన్ని పాతబడినదిగా లెక్కించడానికి చట్టం పెట్టిన గడువు దాటాక) ఆ కారణంగా అనర్హత ఉండదు. 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం ప్రకారం పెద్దవారికి పడిన జరిమానాకు ఏడాదిలోనే కాలం చెల్లుతుంది. 2023 అక్టోబరు 28 నుంచి జైలు శిక్షలకు కూడా గడువులు చాలావరకు తగ్గాయి. లైంగిక నేరస్థుల రిజిస్టరులో ఉన్నవారికి మాత్రం ఆ నమోదు కొనసాగినంత కాలమూ అనర్హత తప్పదు. పిల్లలతో పనిచేసే సంస్థ అయితే విడిగా డి.బి.ఎస్. తనిఖీ (నేరచరిత్ర పరిశీలన) ఉండవచ్చును, అందులో పాత విషయాలు కూడా బయటపడవచ్చును గనుక ముందే చెప్పడం మేలు.

ప్రశ్న: కొత్తవారిని తీసుకునేటప్పుడు మా బోర్డు ఏమేమి చూసుకోవాలి?

జవాబు: ముందుగా వయసు: కంపెనీ రూపంలోని ఛారిటీకి, సి.ఐ.ఓ.కు (ఛారిటీల కోసమే ఏర్పరచిన, ఛారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్ అనే సంస్థా రూపం) 16 ఏళ్ళు నిండితే చాలు, మామూలు ట్రస్టుకు 18 నిండాలి. బ్రిటిష్ పౌరసత్వం ఉండాలన్న నియమం ఛారిటీల చట్టంలో లేదు. తాము అనర్హులం కామని చేరేవారి చేత సంతకం చేయించి, దివాలాదారుల రిజిస్టరు, నిషేధిత డైరెక్టర్ల రిజిస్టరు, తొలగించిన ట్రస్టీల రిజిస్టరు మూడింటిలోనూ పేరు వెతకండి. మూడూ ప్రజలందరికీ అందుబాటులో ఉన్నవే. పన్ను రాయితీలు పొందే సంస్థలకు పన్నుల శాఖ పెట్టే యోగ్యతా పరీక్ష దీనికి వేరు, కమిషన్ ఇచ్చిన మినహాయింపు దానికి చెల్లదు. పరిస్థితులు మధ్యలో మారవచ్చును గనుక ఆ సంతకాన్ని ఏటా మళ్ళీ తీసుకునే బోర్డులు ఉన్నాయి, మీరూ అలాగే చేయండి. మీ ఛారిటీ స్కాట్లాండులో గాని ఉత్తర ఐర్లాండులో గాని నమోదైనదైతే అక్కడి నియంత్రణ సంస్థలూ నియమాలూ వేరని గుర్తుంచుకుని, ఆ నియమాలనే చూడండి.